పక్కింటి అన్న చదివిన అంకెలు

నా చిన్నప్పుడు దారి చూపించే ఫోన్లు లేవు. బెంగళూరులో మాతోనే ఉండే మా పిన్ని, ఉపగ్రహాల సంకేతాలు అందుకుని మనం ఎక్కడున్నామో చెప్పే చిప్పు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. పక్కింటి అన్న అక్కడే టెక్నీషియన్. ఆ చిప్పు పెట్టిన పరికరంతో ఊరి బయట దేవనహళ్ళి దాకా వ్యానులో తిరిగి, అది చూపించిన అంకెలు పుస్తకంలో రాసుకొచ్చేవాడు.

ఒక ఏడాది పరికరాన్ని సముద్రం మీద పరీక్షించడానికి అతన్ని మంగళూరు పంపారు. పొద్దున్నే కమ్ముకున్న వానలో ఒడ్డు కనబడక, అన్న చదివి చెప్పిన అంకెలను నమ్మి పడవ నడిపారట. పడవ రాళ్లకు కొట్టుకుంది. నడిపేవాళ్లు ఈదుకుని బయటపడ్డారు. అన్న శవం రెండు రోజులకు దొరికింది.

అతనే అంకెలు తప్పు చదివాడని కంపెనీ తేల్చింది. వీధంతా అదే మాట. అతని తల్లిని మేము పెద్దమ్మ అనేవాళ్లం. ఆవిడ ఇల్లు దాటి బయటికి రావడం మానేసింది.

పిన్నికి వారం రోజులు అన్నం సయించలేదు. ఆదివారం పొద్దున నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లింది. ఒంటరిగా వెళ్లే ధైర్యం లేకే నన్ను తీసుకెళ్లిందని చాలా ఏళ్లకు గాని నాకు అర్థం కాలేదు.

"అక్కా, వాడు సరిగానే చదివినాడు. సంకేతాలు అందకపోతే చిప్పు తెలీదని చెప్పాల. అట్ల చెప్పకుండా పాత అంకెలనే కొత్తవి మాదిరి చూపించినాది. ఆ భాగం చేసింది నేనే."

"నీకు ముందే తెలుసా?" అని పెద్దమ్మ అడిగింది.

"అనుమానం ఉండె. వ్యానులో ఒకసారి అట్లే అయినాదని వాడే చెప్పినాడు. పరీక్ష ఆపితే కంపెనీ పెద్దోళ్లు కోప్పడతారని, మంగళూరు నుంచి వచ్చినాక చూద్దాంలే అన్నాను."

పెద్దమ్మ తిట్టలేదు, ఏడవలేదు. "నాకు చెప్తే ఏమొస్తాది? వాని మీద నింద వేసినోళ్లకు రాసియ్యి. నువ్వు మాత్రం మళ్లా మా ఇంటికి రావద్దు" అంది.

పిన్ని రాసిచ్చింది. అన్న మీద నింద పోయింది, పిన్ని ఉద్యోగమూ పోయింది. ఆ కాగితం నకలు పట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించింది. కొందరు ముఖం మీదే తలుపు వేశారు. పెద్దమ్మ చనిపోయేదాకా పిన్నితో మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు తల నెరిసింది. ఎలక్ట్రానిక్ సిటీలో చిప్పులు పరీక్షించడమే నా పని. ఎవరైనా వచ్చి "చిన్న అనుమానం మేడం, తర్వాత చూద్దాం" అంటే, అప్పుడే కూర్చుని చూస్తాను. చాలాసార్లు అందులో ఏ తప్పూ ఉండదు. కుర్రాళ్లు నా వెనక విసుక్కుంటారు. అయినా దాన్ని రేపటికి వదిలేసి ఇంటికి వెళ్లడం నా వల్ల కాదు.