నలభై ఒకటో రోజు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా కనకమక్కంటే డ్రైవర్లకు భయం ఉండేదంటే మీరు నమ్మరు. ఐదడుగులు కూడా లేని మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. ఆ ఇంట్లో గొంతు పెంచే పని నాది. ఆవిడ నా తోడికోడలు, మా బావగారు రమణమూర్తి భార్య. 1983లో బావగారు పోయాక వాళ్ల క్వార్టరు ఖాళీ చేసి, ఒక ట్రంకుపెట్టెతో తార్‌బహార్ దగ్గరున్న మా క్వార్టరుకు వచ్చేసింది. నెల తిరక్కుండా నా వంటిల్లు ఆవిడదైపోయింది. నాకు ఒళ్లు మండేది, దాచుకోవడమెందుకు!

మా అత్తింట్లో చక్కెర జబ్బు తరతరాలది. మామగారు బొగ్గింజన్ల కాలంలో ఫైర్‌మన్. చివరికి చూపు పోయి, మంచాన పడి పోయారు. బావగారికి నలభయ్యో ఏట వచ్చింది, మా ఆయన బంగార్రాజుకు నలభై మూడో ఏట. అన్నదమ్ములిద్దరూ గూడ్స్ డ్రైవర్లు. డ్రైవరుకు నలభై ఐదు నిండాక రెండేళ్లకోసారి మెడికల్ పరీక్ష ఉంటుంది. అందులో చక్కెర బయటపడితే ఇంజను మీంచి దింపేసి, షెడ్డులో ఏ మూలో కూర్చోబెడతారు. అలా దింపేసిన డ్రైవరు ఇంటికొచ్చినప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో మా క్వార్టర్ల వరసలోనే చూశాను. పగవాడికి కూడా వద్దు.

అందుకే మెడికల్ కాగితం చేతికి రాగానే మావాళ్లు దీక్ష పట్టేవారు. సరిగ్గా నలభై రోజులు. పొద్దున్నే నానబెట్టిన మెంతులు, పంచదార లేని టీ, అన్నం గుప్పెడే, కంచం నిండా కాకరకాయ, ఆకుకూర, రెండు పూటలా నడక. పాసైన సాయంత్రం గోల్‌బజార్ నుంచి జిలేబీలు తెచ్చి క్వార్టర్ల వరసంతా పంచి, తామూ తిని దీక్ష విడిచేవారు. డాక్టరు కళ్లు కప్పేశామని ఒకటే నవ్వులు. నేనూ నవ్వినదాన్నే.

దీక్ష వంటకు కనకమక్క పెట్టింది పేరు. బావగారిని మూడుసార్లు పాస్ చేయించింది. మూడోసారి పాసైన ఏడు నెలలకు డ్యూటీ బూటు ఒరుసుకుని ఆయన ఎడమకాలి బొటనవేలికి పుండు పడింది. అది మానలేదు. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా. యాభై ఒకటో ఏట పోయారు.

మరుసటేడు మా ఆయనకు మెడికల్ కాగితం వచ్చింది. ఆయనకదే మొదటిసారి. తిన్నగా వదినగారి దగ్గరికే తీసుకెళ్లి, అన్నయ్యకు చేసినట్టే తనకూ చెయ్యమన్నారు. ఆవిడ కాగితం మీది తేదీ చూసి, వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది.

"చేస్తాను. పాసయినాక ఏటి తినాలో కూడా నానే చెప్తాను. సరేనా?"

ఆయన సరేనన్నారు. ఆ పూట తలకిందులుగా నిలబడమన్నా నిలబడేవారే.

ఆ రోజు నుంచి వంటింటి తలుపు వెనక గోడ మీద రోజుకో బొగ్గుగీత పడింది. అక్క మందుల షాపు నుంచి నీలం మందు సీసా, గాజు గొట్టం, స్పిరిటు దీపం తెప్పించింది. నీలం మందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. కాస్తుంటే ఆకుపచ్చ, ఎక్కువైతే పసుపు, ఇంకా ఎక్కువైతే నారింజ, మరీ ముదిరితే ఇటుకరంగు. మొదటి గురువారం కాస్తే ఇటుకరంగొచ్చింది.

డ్యూటీకి వెళ్లేటప్పుడు చోడిరొట్టె, అదే రాగిరొట్టె, కూర కట్టి ఆయన పెట్టెలో పెట్టేది. డ్యూటీ దిగొచ్చాక ఎంత అలసి ఉన్నా షెడ్డు దాకా నడిచి రమ్మనేది. రెండో గురువారం నారింజ. మూడో గురువారం పసుపు. నాలుగో వారం లేత ఆకుపచ్చ. నాకు ఆశ పుట్టింది. ఆశతో పాటు మంట కూడా. పదహారేళ్లు కాపురం చేసిన నావల్ల కానిది ఆవిడ వల్ల ఎలా అవుతోంది?

ముప్పై ఆరో రోజు షహడోల్ నుంచి డ్యూటీ దిగి వచ్చారు. అక్క గొట్టం కాచింది. ఇటుకరంగు. మెడికల్‌కు నాలుగు రోజులుంది.

"ఏటి తిన్నావు బంగార్రాజూ?"

"ఏటీ తిన్లేదొదినా. నీ రొట్టే."

అక్క ఆయన పెట్టె తెరిచింది. రొట్టె కట్టిన గుడ్డ విప్పనే లేదు. ఇక నేనూరుకుంటానా? ఊళ్లో డ్రైవర్లందరికీ లేని నోటి యావ మీకెందుకని ఎత్తుకున్నాను. తలొంచుకుని చెప్పారు. డ్రైవర్లు దిగి పడుకునే రన్నింగ్ రూములో తోటివాళ్లు, వదిన కొంగుచాటు మొగాడివని ఎగతాళి చేశారట. పౌరుషానికి పోయి పూరీలూ గులాబ్‌జాములూ తిన్నారట. ఇంజను పోతే పౌరుషం ఎక్కడ పెట్టుకుంటారని అడిగాను. అక్క మాత్రం గొట్టం కడిగి బోర్లించి, చీకటి పడకముందే నడిచి రమ్మంది.

ఆ నాలుగు రోజులూ ఆయన రొట్టె ముక్క కూడా మిగల్చలేదు. మెడికల్ నాటి ఉదయం మళ్లీ ఆకుపచ్చ వచ్చింది. అది చాలుతుందో లేదో ఎవరికీ తెలీదు. ఎనిమిదింటికి ఆయన వెళ్లారు. అక్క గుమ్మంలో కూర్చుంది. మంచినీళ్లిస్తే తాగలేదు. నేను ఇంట్లోకీ వీధిలోకీ వంద సార్లు తిరిగాను.

నాలుగింటికి వచ్చారు. వెనక ఇద్దరు తోటి డ్రైవర్లు, చేతిలో జిలేబీ పొట్లం. పాసయ్యారు! నేను గబుక్కున వెళ్లి ఒకటి తీసేసుకున్నాను కూడా. ఆయన ఇంకోటి అందుకునేలోపు అక్క లేచొచ్చి పొట్లం పుచ్చుకుంది.

"రేపు నలభై ఒకటో రోజు. రొట్టే తినాలి," అంది.

వెనకనున్న ఇద్దరూ ఫక్కున నవ్వారు. మా ఆయన ముఖం నల్లబడింది.

"అన్నయ్యని మింగేసింది చాల్లేదా? నా నోటికాడిది కూడా లాగేస్తావా?"

ఆ మాట విని నేనే చచ్చిపోయాను. విధవరాలిని అనే మాటేనా అది? అక్క లోపలికెళ్లింది. ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్లిపోతుందనుకున్నాను. మూడు కాగితాలు పట్టుకొచ్చింది. బావగారి పాస్ కాగితాలు.

"అవును, నానే మింగేసేను," అంది. "ఈ మూడూ నా వంటతో వచ్చినవే. నలభై రోజులు తింటే చక్కెర దిగీది. దిగిందంటే అదే మందు కదా! డాక్టర్ని మోసం చేస్తన్నానే అనుకున్నాను. మందు పెడతన్నానని నాకు తెల్లేదు. మూడుసార్లూ సాయంత్రం అయ్యేసరికి ఆ మందు ఆపేసి, మీ అన్నయ్య నోట్లో జిలేబీ ఎట్టింది నానే. ఆ చేత్తోనే కాలికి కట్లు మార్చేను."

పొట్లం తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"తినాలనుంటే తిను. నా చేత్తో మాత్రం పెట్టను."

ఆ ఇద్దరూ చెప్పులేసుకున్నారు. మా ఆయన పొట్లం వాళ్లకిచ్చి పంపేసి, పెరట్లోకి వెళ్లి కూర్చున్నారు. వదినగారికి క్షమాపణ చెప్పలేదు. ఆ రక్తంలో అది లేదు. నా చేతిలో జిలేబీ పాకం కారుతోంది. తినడానికి మనసొప్పలేదు.

పొద్దున్నే వంటింట్లోకి వెళితే గోడ మీద నలభై ఒకటో గీత ఉంది. అక్క గీతలన్నీ నిటారుగా ఉంటాయి. ఇది వంకరగా, గట్టిగా నొక్కి గీసి ఉంది. పెరట్లో ఉన్న మా ఆయన వేళ్లకు బొగ్గుమసి అంటి ఉంది. నేను పొయ్యి ముట్టించి రొట్టెకు పిండి కలిపాను. ఆవిడ మీద మంట నాకు ఆ రోజుతో పోయింది.

ఆ తర్వాత గీతలు గీయడం మానేశాం, లెక్కకు అందలేదు. మెడికల్స్ వచ్చాయి, పోయాయి. రోజూ రొట్టే కాబట్టి ఏ ఒక్కదానికీ వేరే దీక్ష పట్టలేదు. జిలేబీ పొట్లం చేతిలో ఉంటే డ్రైవర్లు మా గుమ్మం ముందు నుంచి రావడానికి జంకేవారు. డ్యూటీ దిగొచ్చిన ప్రతిసారీ అక్క ఆయన పాదాలు చూసేది. వదిన చేత కాళ్లు పట్టించుకోవడమా అని మొదట్లో వెనక్కి లాక్కునేవారు. ఆవిడ వినలేదు.

1997లో రిటైరైన రోజున మెడనిండా దండలతో ఇంటికొచ్చారు. గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పి, కాళ్లు చాచారు.

"చూసుకో ఒదినా. రెండూ ఉన్నాయి."

అక్క కళ్లజోడు పెట్టుకుని, ఎప్పటిలాగే వేళ్ల సందులన్నీ చూసింది. కుడికాలి చిటికెనవేలి దగ్గర బూటు కాస్త ఒరిసింది, జాగ్రత్త అంది. రేపట్నుంచి బూట్లు అక్కర్లేదు కదా అని మా ఆయన నవ్వబోయి ఏడ్చేశారు. ఆవిడ ఆ పాదాన్ని వదల్లేదు.

"మీ అన్నయ్యవి కూడా ఇలాగ చూసుండాల్సింది," అంది.