బస్సు రోడ్డు పక్కన నూరు వరహాలు

సింగపూర్‌ సెంగ్‌కాంగ్‌లో మా అపార్ట్‌మెంటు బ్లాకుకీ, బస్సులు తిరిగే పెద్ద రోడ్డుకీ మధ్య సన్నటి మట్టిపట్టీ ఒకటి ఉంది. బ్లాకువాళ్లం కలిసి అక్కడ గులాబీలు, చామంతులు నాటాం. బస్సుల వేడిగాలికీ, పొగకీ ఆకులు మాడి, నెల తిరక్కుండానే అన్నీ ఎండిపోయాయి.

"సిమెంటు పోయించేద్దాం" అన్నారొకరు మీటింగులో. నాకు మనసొప్పలేదు. అనంతపురం ఎండల్లో పెరిగినదాన్ని. "ఈసారి మొక్కలు నేను ఎంచుతాను" అన్నాను. బ్యాంకు ఉద్యోగికి మొక్కల సంగతేం తెలుసని కొందరు నవ్వుకున్నారు.

రాఫెల్స్ ప్లేస్‌లో మా బ్యాంకు ఆఫీసు చుట్టుపక్కల రోడ్ల డివైడర్ల మీద ఏవి పచ్చగా ఉన్నాయో చూడడం మొదలుపెట్టాను. ఆ రకాలే చిన్న కుండీల్లో కొనితెచ్చి, మా పట్టీలో రోడ్డు అంచునే పెట్టాను. నీళ్లు కూడా కావాలనే తక్కువగా పోశాను.

"అమ్మా, వై టార్చర్ దెమ్ లా?" అంది మా అమ్మాయి, ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

"ఈడ ఏది బతుకుతాదో తెలియల్ల గదమ్మా" అన్నాను.

అన్నిటికంటే గన్నేరు బాగా నిలిచింది. దాన్నే ఖాయం చేద్దామనుకుంటుంటే, మలేషియాలో పుట్టి ఇక్కడ స్థిరపడ్డ పక్కింటి తెలుగు ఆంటీ చూసి ఆగిపోయారు.

"అయ్యో, ఇది విషం కదామ్మా! మా ఎస్టేటులో ఆవు తిని చచ్చిపోయింది. ఇక్కడ చిన్నపిల్లలు తిరుగుతారు."

గన్నేరు వదిలేశాను. నూరు వరహాలు, నందివర్ధనం మిగిలాయి; వాటినే పట్టీలో నాటాం. కాగితంపూలు కూడా తట్టుకున్నాయి గానీ, వాటి ముళ్లు నడిచేవాళ్లకు గీసుకోకుండా గోడవైపు ఒక మూలన నాటించాను.

నాటిన కొన్నాళ్లకే వానలు మొహం చాటేశాయి. పచ్చిక గోధుమరంగుకు తిరిగింది. రోజూ పొద్దున్నే గుండె చిక్కబట్టుకుని కిందికి దిగేదాన్ని. ఆకులు కాస్త వాలాయి, అంతే. ఒక్క మొక్కా పోలేదు. మళ్లీ వానలు పడ్డాక నూరు వరహాలు పట్టీ పొడవునా ఎర్రగా విరగబూశాయి.

ఒక ఉదయం బస్‌స్టాపులో మా అమ్మాయి తన స్నేహితురాలికి ఆ పూలు చూపిస్తోంది. నేను వెనకే ఉన్నానని తెలియదు. "మై మమ్ చూజ్ వన్, యూ నో!" అంది, మా అమ్మే ఎంచిందని గొప్పగా. ఆఫీసులో ప్రమోషన్ వచ్చిన రోజు కూడా నేనంత గర్వపడలేదు.

ఇప్పుడు ఎదురు బ్లాకువాళ్లు కూడా తమ పట్టీకి మొక్కలు ఎంచమని పిలిచారు. వెళ్లి, ముందు ఎండ ఎటునుంచి పడుతుందో చూసి వచ్చాను.