అక్క రాసిన సాఫు ప్రతి

హోసూరు బజారులో మాకు బట్టలు కుట్టే అంగడి ఉండేది. యాభైల చివర, బేరాలు లేని మధ్యాహ్నాలు, గుడ్డ కత్తిరించే బల్ల మీదే నా నవల రాశాను. అందులో అత్తింట చాకిరీ చేసే ఒక కోడలికి క్షయ వస్తుంది, ఆఖరి ప్రకరణంలో చనిపోతుంది. అది రాసేటప్పుడు మా ఇంట్లో అందరూ గుండ్రాయిలా ఉన్నారు. మరుసటి ఏడు, బాగలూరులో కాపురం ఉన్న మా అక్కకు అదే జబ్బు పట్టింది. వాళ్ల అత్త ఆమెను మా గడపలో దింపి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయింది. అంత కోపం నాకు మళ్లీ ఎవరి మీదా రాలేదు.

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. అక్కవి ముత్యాల్లాంటి అక్షరాలు. పత్రికకు పంపాలంటే సాఫు ప్రతి కావాలి కదా!

"నువ్వు చదువప్పా, నేను రాస్తా. ఊరికే పడుకోనుంటే పిచ్చి పట్టేట్లుంది" అంది.

సాయంత్రాలు నేను కాస్త ఎడంగా కూర్చుని చదివేవాణ్ణి. ఆమె ఒళ్లో పీట పెట్టుకుని రాసేది. దగ్గు వస్తే, కాగితం మీద సిరా చుక్క పడకూడదని కలం పైకెత్తి పట్టుకునేది. మధ్యమధ్యలో ఎగతాళి ఒకటి. "ఏందప్పా ఈ పిల్ల, ఇంత మాటకే ఏడుస్తాది? ఆ అత్తకి రెండు తగిలించమను!" నేను ఏడుపు కొంత కొట్టేసేవాణ్ణి. అలా దిద్దుబాటు కూడా ఆమెదే అయింది.

అమ్మ గుమ్మంలో కూర్చుని వినేది. జబ్బు మనిషి మంచంలో ఉండగా ఎవరి చావు మాటా నోట రాకూడదని మా ఇంట పట్టింపు. పక్కవీధిలో ఎవరైనా పోయినా "ఊరికి పోయినారంట" అనాల్సిందే. మరి ఆఖరి ప్రకరణం ఎలా చదివేది? కాగితాలు చేతపట్టుకుని అందులో లేనిది చదివాను. కృష్ణగిరి ఆసుపత్రిలో ఆ పిల్లకు నయమైంది, తిరుగు బస్సు సూళగిరి దాటేసరికి ఆకలేసింది, మూట విప్పి చిత్రాన్నం తింది. అమ్మ "బతికిందిలే తల్లి" అని కళ్లు ఒత్తుకుంది. అక్క ఒకసారి నా చేతిలోని కాగితాల వైపు చూసి, రాసుకుంటూ పోయింది.

మద్రాసుకు పంపాం. కొన్ని నెలలకు సంపాదకుడి జవాబు వచ్చింది. నవల నచ్చింది, వారం వారం వేసుకుంటాం, కానీ ముగింపు అతికించినట్టుంది, ఆమె చనిపోవడమే సహజం, మార్చి పంపండి అని. ఆ ఉత్తరం నాకన్నా ముందు అక్కే చదివింది.

"ఆయప్ప చెప్పింది నిజమే. ముందు నువ్వు రాసినావే, అది చదువు."

"ముందు రాసింది ఉందని నీకెట్ల తెలుసు?"

"కాగితం తిప్పకుండానే అంత సేపు చదివితివి. నాకు కండ్లు లేవా?"

"అది నేను చదివేది లేదు, నువ్వు రాసేది లేదు!" అని అరిచాను.

"పిచ్చోడా, ఆ పిల్ల పోతే నేను పోతానా? నీ పేరు అచ్చులో చూడాలప్పా నేను. బిరీన కానీ" అంది.

రేపు రేపంటూ దాటవేశాను. ఆ ఏడు ధనుర్మాసం చలికి ఆమె తట్టుకోలేకపోయింది. నా పేరు అచ్చులో చూడకుండానే వెళ్లిపోయింది.

కర్మలయ్యాక ఆ ప్రకరణం నేనే రాసి పంపాను. పాత కాగితాలు తిరగేసే పని పడలేదు. అరికాళ్లు చల్లబడటం, వేడినీళ్లు అడిగి తాగలేకపోవడం, అన్నీ ఉన్నదున్నట్టు రాశాను. ఆమె నన్ను కోరింది అదొక్కటే కదా అనుకున్నాను. ఏడుస్తూనే రాశాను.

నవల అచ్చవుతుంటే అమ్మకు వారం వారం చదివి వినిపించాను. ఆఖరి వారం తప్పించుకోబోతే వదల్లేదు. ఈసారి అచ్చులో ఉన్నదే చదివాను. ఇంట్లో జబ్బు మనిషి లేదు కదా ఇక. అమ్మ కదలకుండా వింది.

"బతికింది కదప్పా ఆ పిల్ల? బస్సులో అన్నం తినె కదా?"

"పత్రికోళ్లు చావే కావాలని అడిగినారమ్మా."

"వాళ్లడిగితే ఇచ్చేస్తావా?" అంది.