వడకట్టిన ఇంజినాయిలు

యుద్ధం రోజుల్లో బెజవాడలో మా మామగారికి బట్టల కొట్టూ, ఒక దొర దగ్గర కొన్న స్పీడు కారూ ఉండేవి. కారు నడిపే మా మరిది, "నాన్నగారూ, స్పీడు బండికి నెలకోసారి ఇంజినాయిలు మార్చాలి" అనేవాడు. ఆయిలు దొరకని కాలం. మామగారు పాతదాన్నే కొట్లోని మల్లుగుడ్డలో వడకట్టించి మళ్ళీ పోయించేవారు. "మీ అమ్మ అప్పాల నూనె అట్టాగే వాడట్లా?" అనేవారు.

ఒకరోజు మైలవరం పెళ్ళికి వెళ్తుంటే రైలు పట్టాల మీద ఇంజను బిగుసుకుపోయింది. దూరంగా రైలు కూసింది. అత్తగారూ నేనూ పట్టుచీరల్లోనే దిగి, మగవాళ్ళతోపాటు కారు తోశాం. పట్టాలు దాటించామో లేదో, రైలు వెళ్ళిపోయింది.

అత్తగారు కొంగు దులుపుకుని, "ఇక నేనూ నూనె వడకట్టనండీ" అన్నారు.

ఆ తర్వాత మామగారు ఎలాగో సంపాదించి నెలనెలా కారుకు కొత్త ఆయిలు పోయించారు. మాకు అప్పాలు మాత్రం పండగలకే.