కాళ్ళున్నప్పుడు రాసిన నియమం

ఊళ్ళో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలిచేవారు. బట్టలు కుట్టేది తక్కువ. లోయలోకి నడిచి వెళ్ళేవాళ్ళ వీపు సంచులు, చిరిగిన గుడారాలు, తెగిన పట్టీలు ఆమె దుకాణానికి వచ్చేవి. కిటికీ పక్కనే మిషను. తలెత్తితే కొండల మధ్య లోయ మొదలయ్యే చోటు కనిపించేది. దారం తెగినప్పుడల్లా ఆమె అటు చూసేది.

ఆ లోయకు ఆమె తన వయసులో సగం ధారపోసింది. ఒక వేసవిలో మోటారు సైకిళ్ళు లోపలికి రావడం మొదలైంది. నడక దారి కాలువలా కోసుకుపోయింది. వాగు బురదయ్యింది. వీటన్నిటికన్నా ముందు నిశ్శబ్దం పోయింది. పోయాకే, అది అక్కడ ఉండేదని అందరికీ తెలిసింది. ఆ బళ్ళను ఆపాలంటూ టైలరమ్మ మెడలో టేపు తీయకుండానే ఇల్లిల్లూ తిరిగింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అని తలుపేసినవాళ్ళున్నారు. ఆమె ఆ తలుపే మళ్ళీ తట్టింది.

భర్త బస్సు డ్రైవరు. "పగలంతా ఇంజను మోత, ఇంటికొస్తే నీ మోత" అని వేళాకోళం చేస్తూనే, సెలవు రోజుల్లో ఆమె వెంట వెళ్ళి లోయ మొదట్లో గేటు స్తంభాలకు గోతులు తవ్వాడు. చివరికి అధికారులు దిగొచ్చారు. లోయను కాపాడే పని ఊరి సంఘానికే అప్పగించారు. నియమం రాసుకునే రోజున ఎవరో, "ముసలివాళ్ళకైనా ఓ మినహాయింపు పెడదామా?" అన్నారు.

"సూది దూరే సందిస్తే రేపు బండి దూరుతుంది," అంది టైలరమ్మ.

మోటారున్నదేదీ గేటు దాటకూడదు. అంతే. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికి అందరి మోకాళ్ళూ బాగానే ఉన్నాయి.

చాలా ఏళ్ళ తర్వాత డ్రైవరుకు నడుము కింద చచ్చుబడింది. కూతురు బ్యాటరీతో నడిచే కుర్చీ కొనిపెట్టింది. ఒక ఉదయం ఆయన ఇంట్లో చెప్పకుండా దాని మీదే గేటు దాకా వెళ్ళాడు. ఆ రోజు కాపలా వంతు లెక్కల టీచరుది.

"బాబాయ్, దానికి మోటారుంది కదా," అంది టీచరు, తల దించుకుని.

"ఉందమ్మా. నాకే లేదు," అన్నాడాయన. కుర్చీ వెనక్కి తిప్పుకున్నాడు.

ఆ వారమే సంఘం కూర్చుంది. బైకులు అద్దెకిచ్చే షెడ్డు ఓనరు కూడా వచ్చాడు.

"పిన్నీ, బాబాయిని పంపిద్దాం. కాదనేదెవరు? కుర్చీకి దారిస్తే బ్యాటరీ బళ్ళకీ ఇవ్వండి. పొగ లేదు, మోత లేదు. నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి." నవ్వుతూనే అన్నాడు.

అందరూ ఆమె వైపు తిరిగారు. వెనక గోడ దగ్గర కుర్చీలో భర్త ఉన్నాడు. ఆమె అటు చూడలేదు.

"నియమం నియమమే. మా ఇంటికీ అదే."

మళ్ళీ చప్పట్లు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. టైలరమ్మ రచ్చ గెలిచి ఇంటికొచ్చింది.

ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏమండీ, వాడి ఎత్తు మీకు తెలీదా? మిమ్మల్ని ముందు పెట్టి వాడు వెనకాల..."

"తెలుసు. వాడు నా కుర్చీని బండి కింద జమకట్టాడు. వ్యాపారస్తుడు, కడతాడు. నువ్వూ కట్టావు."

పొద్దున్నే ఆయన్ని మంచం మీంచి ఆ కుర్చీలోకి దించేది ఆమే. పాదాలను ఒకదాని తర్వాత ఒకటి సర్దేది ఆమే. ఏనాడూ ఆయన్ని బండెక్కిస్తున్నానని అనుకోలేదు.

తర్వాతి సమావేశంలో ఎవరూ పిలవకుండానే లేచి నిలబడింది.

"ఆ నియమం నేను బిగించి కుట్టాను. అందులో మనిషి పట్టట్లేదు. విప్పాలి," అంది. "నడవలేనివాళ్ళకు కుర్చీయే కాళ్ళు. కాళ్ళను ఎలా ఆపుతాం?"

"మరి నా బండిలో కూర్చున్న ముసలాయన సంగతేంటి పిన్నీ?" అన్నాడు ఓనరు.

"ఆయన మంచం దగ్గర్నుంచి స్నానాల గదికి నీ బండి మీదే వెళ్తాడా?"

గదంతా గొల్లున నవ్వింది. ఓనరు కూడా నవ్వాడు గానీ, నవ్వు త్వరగా ఆపేశాడు. మోటారున్నవాటిలో, ఇంట్లో కూడా మనిషికి కాళ్ళ బదులు తిరిగేదే గేటు దాటాలని కొత్త మాట రాశారు. చేతులెత్తినవాళ్ళు ఎత్తనివాళ్ళకన్నా కొద్దిమందే ఎక్కువ. మొదటి నుంచీ ఆమె పక్కన నడిచిన బేకరీ ఆవిడ చెయ్యెత్తలేదు. "సందు నువ్వే ఇచ్చావు వదినా. వాడు ఊరుకోడు, చూడు," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట అబద్ధమని టైలరమ్మ అనలేకపోయింది.

మంచు విడిచిన ఒక ఉదయం ఇద్దరూ గేటు దాటారు. మొదటి మలుపు దాకా దారి చదునుగా ఉంది. ఆ తర్వాత అన్నీ రాళ్ళే. కుర్చీ ముందు చక్రాలు ఒకసారి తడబడి ఆగాయి. లోయ చివరనున్న సరస్సు ఇంకా చాలా పైన ఉంది.

"ఇక్కణ్ణుంచి కనబడదండీ," అంది ఆమె, నేరం తనదే అయినట్టు.

"నాకు తెలీదా? ఈ దారి నాకు కొత్తా?"

ఆయన మీట నొక్కాడు. కుర్చీ సన్నటి రొద ఆగిపోయింది. అప్పటిదాకా రాళ్ళ కింద దాక్కున్న నీటి చప్పుడు మెల్లగా పైకొచ్చింది. ఎక్కడో గడ్డి కదిలింది. ఆయన కళ్ళు మూసుకుని, గడ్డం కొంచెం పైకెత్తాడు.

టైలరమ్మ కూర్చోలేదు. మొహం కొండ వైపు ఉన్నా చెవులు వెనక గేటు వైపే ఉన్నాయి. ఆ మలుపు కింద నుంచి ఏదైనా మోత వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"ఇవాళ్టికైతే ఏమీ రావట్లేదే. కూర్చో."