ఎర్రకోడి బాప్తిస్మం

తడిసిన కోడి వాసన తగిలితే ఇప్పటికీ నాకు పరుగెత్తాలనిపిస్తుంది.

"ఏదెను తోటలో దేవుడు వద్దన్న పండు ఆదాము తిన్నందుకే మూగజీవాలకీ నొప్పి, చావు వచ్చాయి. నమ్మి బాప్తిస్మం పొందితే నిత్యజీవం," అన్నారు సండేస్కూల్లో పాస్టరుగారు. క్రిస్మస్ రోజున ఆయన భోజనానికని మా ఇంట్లో ఎర్రకోడిని కొయ్యబోతున్నారు. దాన్ని చంకలో ఇరికించుకుని చల్లపల్లి కాలవకి ఒకటే పరుగు! అందరికీ బాప్తిస్మమిచ్చే రేవులోనే ముంచి, మళ్లీ ఇంటికి పరుగు!

"అమ్మా, ఇంక మన కోడి చావదు! బాప్తిస్మం ఇచ్చేశా!"

కత్తిపీట ముందు అమ్మ నోరెళ్లబెట్టింది. అప్పుడే గుమ్మంలోకొచ్చిన పాస్టరుగారు నవ్వలేదు.

"బాప్తిస్మంతో మన సంఘంలో చేరినదాన్ని కొయ్యకూడదమ్మా. నాకు పప్పు చాలు," అన్నారు.

ఆ పండు కోడి తినలేదని, దానికి బాప్తిస్మం అక్కర్లేదని పెద్దయ్యాక తెలిసింది. అయినా, ఏ ప్రాణమూ పోని ఆ పూట మా ఇల్లే ఏదెను తోట.