కుర్చీ లేని ఒకటి

ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ప్రైవేటుగా పది పాసై, పొద్దున గిలకలదిండిలో చేపలమ్ముకుని, మధ్యాహ్నం బందరులో కంప్యూటర్ క్లాసుకి వెళ్ళేదాన్ని. కోర్సు పూర్తిచేస్తే ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగమిస్తామన్నారు.

ఆరోజు సారు హెక్సాడెసిమల్ కూడిక చెబుతున్నారు. అందులో తొమ్మిది తర్వాత ‘ఎ’ అంటే పది, అలా ‘ఎఫ్’ అంటే పదిహేను. ఎఫ్‌కి ఒకటి కలిపితే అక్కడ సున్నా వేసి, ఒకటిని ఎడమవైపుకి మోయాలి. ఇన్నే అని ముందే లెక్కగట్టిన గళ్ళలో అక్షరాలు దాచే క్యారెక్టర్ ఎరేకి గుర్తుగా నాలుగు కుర్చీలు వేసి, ఎఫ్ అట్టలిచ్చి నలుగురిని కూర్చోబెట్టారు. కలపాల్సిన ఒకటిగా నన్ను నిలబెట్టారు.

కుడివైపు నుంచి బయలుదేరాను. నేను దగ్గరికి రాగానే ఒక్కొక్కరూ అట్ట తిప్పి సున్నా చూపించారు. అలా జరుగుతూ ఎడమ చివరకొచ్చాను.

“కుర్చీలైపోయాయి. ఇప్పుడెటెళ్తావమ్మా?” అన్నారు సారు.

“ఇంకో కుర్చీ వేయండి సార్.”

“నీకో కుర్చీ కూడానా! చేపల కంపుకి ఎరేలో చోటుండదు. మిగిలింది బయటే. గుమ్మం దాటి నిలబడు.”

“సార్, ఫ్యానెయ్యండి, కంపు పోద్ది!” అన్నాడొకడు.

క్లాసంతా నవ్వింది. అదీ పాఠమేననుకుని నేనూ నవ్వుతూ బయటికి నడిచాను. సారు తలుపు వేయమన్నారు. లేచి వేసింది రమణి. రోజూ నా పక్కనే కూర్చుని, నన్ను పిన్నీ అని పిలిచే పిల్ల.

క్లాసయ్యేదాకా ఎండలో నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇప్పటికీ చేపలే అమ్ముతున్నాను.

చదువు రాని రోజుల్లో నన్నెవరూ బయటికి పంపలేదు. అసలు లోపలికి రానిస్తేగా!